ఉరికి ఎనిమిదిమంది, గోడకి ఒకరు

మాఘ శుద్ధ విదియ

అడుగూరులో వంతుల మేస్త్రి అనేవాడు రోజూ చిట్టా రాయాలని నిబంధన. ఎవరు ఎక్కడ కాపలా ఉన్నారో రాయమన్నారు గాని, దాని గురించి మేస్త్రి ఏమనుకుంటున్నాడో రాయొద్దని ఎక్కడా అనలేదు. ఈ ఉద్యోగంలో నాకున్న సుఖం అదొక్కటే.

ఈరోజు వంతులు ఇవి. ఉరిశిక్ష పడ్డ సన్యాసి అనేవాడి గది దగ్గర కాపలాకి ఎనిమిదిమంది. అతని అన్నం ముందుగా తిని చూడడానికి ఇద్దరు. ఉరితాడు రిహార్సల్‌కి నలుగురు. వారానికోసారి అతని రక్తం పరీక్షించే డాక్టరుగారికి తోడు ఒకరు, దారిలో ఆయన కాలుజారి పడితే ఉరి ఆగిపోతుందని. మిగిలిన కొద్దిమందినీ గాలి యంత్రాలకీ నాలుగు గోడలకీ సర్దాను. తూర్పు గోడ దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో ఒక్క పేరే మిగిలింది. అది నా భార్య నూకరత్నం పేరు.

తూర్పు గోడ పని ఇద్దరిది. గోడకి అవతల సముద్రం, మా నెత్తిమీదా సముద్రమే. ఒకరు తలుపు దాటి లోపలికి వెళ్లి గోడంతా చేత్తో తడిమి, తడి తగిలినచోట నాలికతో చూడాలి. చప్పగా ఉంటే అది మా ఊపిరే, చల్లటి గోడకి పట్టిన చెమట. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికొస్తున్నట్టు. అప్పుడు లోపలి మనిషి పరుగెత్తుకుంటూ బయటికి రావాలి. తలుపు దగ్గర నిలబడ్డ మనిషి, వచ్చిన మనిషి కలిసి చక్రం తిప్పి తలుపు బిగించాలి. నీళ్లు తోసుకొస్తుంటే ఆ చక్రం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

ఇదివరకు గోడల్లో వినే యంత్రాలుండేవి. ఎక్కడ చిన్న పగులు కిర్రుమన్నా చెప్పేవి. పోయినేడు వాటిని పీకి సన్యాసి మంచం కింద బిగించారు, అతని గుండె ఎలా కొట్టుకుంటోందో వినడానికి. ఉరి తీయాల్సిన మనిషి ముందే గుండాగి పోతే చట్టం నవ్వులపాలవుతుందట.

నూకరత్నానికి జోడీగా ఉండే అప్పలసూరిని సన్యాసి కాపలాకి మార్చమన్నది సర్పంచి భానోజీరావుగారు. మార్చింది నేను. మధ్యాహ్నం ఇంటికెళ్లి నసుగుతూ ఆ మాట చెబితే, ఆమె నాచు పచ్చడి నూరడం ఆపలేదు.

"మంచిదే మావా. అప్పలసూరి సోది ఇనక్కర్నేదు," అంది.

ఆమెకి ఎంత కోపమొస్తే అంత నెమ్మదిగా మాట్లాడుతుంది. ఈరోజు చాలా నెమ్మదిగా మాట్లాడింది.

మాఘ శుద్ధ సప్తమి

ఈ చిట్టా ఎప్పుడైనా ఎవరైనా చదివితే సన్యాసి పాపం అమాయకుడేమో అనుకోగలరు. కాదు. నాచుమడి గట్టు దగ్గర తగాదా వచ్చి, పోలమ్మప్ప కొడుకైన దాలినాయుణ్ణి పంపుగదిలోకి నెట్టి, బయట గడియపెట్టి, నీళ్లు వదిలాడు. ఆ పిల్లవాడు చాలాసేపు తలుపు బాదాడట. ఆ మాట సన్యాసే ఒప్పుకున్నాడు. తీర్పు మీద ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు, నాకూ లేదు.

చిక్కంతా అమలు చేయడంలో ఉంది. మా ఊళ్లో తలారి లేడు. ఆ పాపం ఏ ఒక్కరి చేతికీ అంటకూడదని మా పెద్దలు ఒక ఏర్పాటు చేశారు. ఉరితాడు సభామంటపమంత పొడవుంటుంది. ఇంటికొక చెయ్యి దాని మీద పడాలి. తీర్పు చదవడం పూర్తయ్యాక అందరూ ఒక్కసారి లాగాలి. గొప్ప ఆలోచనే. ఆ వెంటనే ఇంకో గొప్ప ఆలోచన చేసి, మైలలోనూ పురుట్లోనూ ఉన్న ఇంటివాళ్లు తాడు ముట్టుకోకూడదని చేర్చారు. ఒక్క ఇంటి చెయ్యి తగ్గినా ఉరి చెల్లదు. ఈ రెండు నిబంధనలూ ఒకే సాయంత్రం, ఒకే విడత టీ తాగుతూ రాశారని మా నాన్న చెప్పేవాడు.

అడుగూరులో ఉన్నవాళ్లం అందరం కలిపి నాలుగు ఇంటిపేర్లవాళ్లం. మూడు తరాలుగా పిల్లల్ని ఇచ్చిపుచ్చుకుంటున్నది మాలో మేమే. ఒక ముసలాయన పోతే ఊళ్లో పావు వంతుకి మైల. ఒక పిల్ల నీళ్లాడితే ఇంకో పావు వంతుకి పురుడు. తీర్పు వచ్చి రెండేళ్లు దాటినా, ఊరంతా ఒకేరోజు శుభ్రంగా ఉన్న పాపాన పోలేదు. ముహూర్తం పెట్టడం, రిహార్సల్ చేయడం, ఎవరో ఒకరు కనడమో పోవడమో, వాయిదా వేయడం. అంతవరకూ ఎనిమిదిమంది కాపలా.

ముహూర్తం పెట్టే సోమయాజులుగారి బాధ ఆయనది. మంచి ఘడియలో ఉరి తీస్తే సన్యాసికి పుణ్యలోకాలొస్తాయి, చెడ్డ ఘడియలో తీస్తే ఊరికి అరిష్టం. మంచీ చెడూ సగం సగం ఉన్న ఘడియ కోసం ఆయన కళ్లు పోగొట్టుకుంటున్నారు.

రిహార్సల్‌లో సన్యాసికి బదులు ఇసకబస్తా కడతారు. ఈ వారం అందులో ఇంకో రెండు చేటల ఇసక పోశారు. మనిషి కాస్త ఒళ్లు చేశాడని డాక్టరుగారు చెప్పారు.

మాఘ శుద్ధ ద్వాదశి

నూకరత్నం వంతు దిగి వస్తూనే నోరు కడుక్కోకుండా నా ఎదుట కూర్చుంది. తూర్పు గోడలో మూడో అతుకు కింద, నేలకి జానెడు పైన, తడి ఉందట. చప్పగా లేదట. అలాగని ఉప్పగా ఉందని ఒట్టేసి చెప్పలేనంది. పదిహేనేళ్లుగా గోడలు నాకుతున్న మనిషి. అలాంటి మనిషి ఒట్టేయలేనంది.

ఉప్పు అని రాయాలంటే రెండు నాలికలు ఒప్పుకోవాలి. అది గోడల చట్టం. ఒక్క నాలిక మాట చెల్లదు, ఆమెకి జోడీ లేడు, కాబట్టి ఆమెకి తెలిసింది ఊరికి తెలిసినట్టు కాదు. పోనీ నేనే రెండో నాలికనవుదామని వెళ్లి, చలి పుట్టించే ఆ గోడ ముందు చతికిలబడి నాకాను. నాకు ఆవకాయ తగిలింది. భోంచేసి మూతి కూడా సరిగ్గా కడుక్కోలేదని నూకరత్నం అన్న మాటలు ఇక్కడ రాయను.

సాయంత్రం పంచాయతీలో లేచి, అప్పలసూరిని వెనక్కి ఇవ్వమని అడిగాను. కనీసం ఒక్క వినే యంత్రమైనా గోడకి తిరిగి బిగించమన్నాను. భానోజీరావుగారు చెడ్డమనిషి కాదు. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు ఆయనే వస్తారు. కాని ఆయనకి ఒక నమ్మకం ఉంది. తూర్పు గోడ వైపు వెళ్లి చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుందా అని నన్ను అడిగారు. అదే సన్యాసి గది ముందు నుంచి వెళ్తూ, ఎనిమిదిమంది కర్రలు పట్టుకుని నిలబడి ఉంటే, మా ఊరు ఎంత భద్రంగా ఉందో అనిపిస్తుందా లేదా అన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించేది, ఆ ఎనిమిదో కర్ర నా భార్య పక్క నుంచి పోనంతవరకూ.

పోలమ్మప్ప కూడా మూల కూర్చుని ఉంది. ఆమె ఉన్నచోట సన్యాసి కాపలా తగ్గించమని ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. కూర్చున్నాను.

మాఘ బహుళ చవితి

నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది. ఎనిమిదిమంది సన్యాసిని కాయాలని చట్టం చెప్పింది గాని, ఎక్కడ కాయాలో చెప్పలేదు. అతను ఒళ్లు చేశాడు, రోజూ నడవాలని డాక్టరుగారే రాశారు. కాబట్టి నడక తూర్పు గోడ వెంబడి వేశాను. ఎనిమిదిమందీ వెంట నడుస్తారు, వాళ్లకి నాలికలున్నాయి.

మొదటిరోజు బ్రహ్మాండంగా సాగింది. అప్పలసూరి మూడో అతుకు దగ్గర రుచి చూసి మొహం అదోలా పెట్టాడు. అంతలో మిగతా కాపలావాళ్లు అడ్డుపడ్డారు. వాళ్ల పని సన్యాసిని చూడడం, గోడని చూడడం కాదు. గోడ నాకుతున్నంతసేపూ కళ్లు సన్యాసి మీద లేవు కాబట్టి కాపలా తప్పినట్టే. అప్పలసూరి తన నాలికని వెనక్కి తీసుకున్నాడు.

రెండోరోజుకి సన్యాసికి జలుబు చేసింది. రొంప పట్టిన మనిషిని ఉరి తీయకూడదని ఇంకో నిబంధన. కుదరక కుదరక కుదిరిన ముహూర్తం కాస్తా ఒక తుమ్ముతో కొట్టుకుపోయింది. డాక్టరుగారు కషాయం కాచారు, ఇద్దరు దాన్ని తాగి చూశారు, ఎనిమిదిమంది కంబళ్లు కప్పారు. భానోజీరావుగారు నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

మాఘ బహుళ దశమి

వంతులు సరిచూడడానికి సన్యాసి గదికి వెళ్లాను. మంచాన కూర్చుని, చారులో పులుపు తక్కువైందని సణుగుతున్నాడు. అతనంటే నాకు జాలి లేదు. దాలినాయుడు మా ఇంటికి వచ్చిపోయే పిల్లవాడు, నూకరత్నాన్ని పిన్నీ అని పిలిచేవాడు. అయినా ఇన్నాళ్ల పరిచయం, పలకరించకుండా రాలేం.

తూర్పు గోడ సంగతి ఎలా ఉందని అతనే అడిగాడు. నీకెందుకన్నాను.

"నన్ను సంపడానికి మీరంతా సచ్చిపోతన్నారు మేస్త్రీ," అన్నాడు. "ఈ ఊళ్లో తడి తగలని గోడ ఏదన్నా ఉంటే నా గదిదే."

అతని నోట ఆ మాట వినడం నాకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉంది. నిజమైతే మాత్రం అతను చెప్పాలా. గోడని చేత్తో తడిమి చూశాను. పొడిగా, వెచ్చగా ఉంది. ఇంటికొచ్చేదాకా ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నూకరత్నం ఇప్పుడు గంట తాడు చీలమండకి కట్టుకుని లోపలికి వెళ్తోంది. చేతులు రెండూ గోడకి, చక్రానికి కావాలి గదా అంటుంది. ఆ గంట సభామంటపంలో మోగుతుంది. నాకు భయంగా ఉంది. ఇది చిట్టాలో రాయాల్సిన విషయం కాకపోయినా రాస్తున్నాను.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి

ఊరంతా శుభ్రం. ఆఖరి పురుడు నిన్నటితో తీరింది, ఎవరూ మంచాన లేరు, సన్యాసి ముక్కు ఆరింది. సోమయాజులుగారికి సగం సగం ఘడియ కూడా దొరికింది, పంచమి నాడు పొద్దున్న. కడుపుతో ఉన్న ముగ్గురు ఆడవాళ్లకి భానోజీరావుగారు స్వయంగా వెళ్లి దండం పెట్టి, అంతవరకూ ఆగమని బతిమాలుకున్నారు.

ఆరోజు గోడలకి ఎవరూ ఉండరు. ఇంటికొకరు తాడు దగ్గర, కాపలావాళ్లంతా సన్యాసి చుట్టూ, గాలి యంత్రాల దగ్గర ముసలివాళ్లు. తూర్పు గోడకైనా ఒక జోడీ ఇవ్వమని మళ్లీ అడిగాను. ఒక్క పూట గోడ ఆగలేదా అన్నారు. రెండేళ్లు ఆగిన ఉరి ఒక్క పూట ఆగలేదా అని నేననలేదు. అనాల్సింది.

మా ఇంటి చెయ్యి నాదని నూకరత్నం తేల్చేసింది. తాను గోడ దగ్గరే ఉంటానంది. వద్దని చెబితే, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, నిన్న మూడో అతుకు దగ్గర తడి నేల నుంచి జానెడు ఎత్తున ఉన్నది మూరెడు ఎత్తుకి పాకిందని చెప్పింది.

ఫాల్గుణ శుద్ధ పంచమి

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మంటపంలో తాడు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బిగించి ఉంది. ఇంటికొక చెయ్యి దాని మీద పడింది. ఉరికి దగ్గరగా మొదటి చెయ్యి పోలమ్మప్పది. ఆమె రెండేళ్లుగా కట్టని కొత్త చీర కట్టుకుంది. పీట మీద సన్యాసిని నిలబెట్టారు. నేను మధ్యలో ఎక్కడో ఉన్నాను. భానోజీరావుగారు తీర్పు చదవడం మొదలుపెట్టారు. తీర్పు పెద్దది.

ఆయన ఆఖరి కాగితం తిప్పేలోపు గంట మోగింది.

ఒకసారి మోగి ఆగలేదు. మోగుతూనే ఉంది. కాలు లాగుతూ, లాగుతూ, ఆ మనిషి అక్కడ ఏం చేస్తోందో నాకు కళ్లకి కట్టింది. అందరూ తలెత్తి గంట వైపు చూశారు గాని, తాడు మీద చేతులు అలాగే ఉన్నాయి. చెయ్యి వేశాక లాగేదాకా తీయకూడదు. ఒక్కరు తీసినా మళ్లీ మొదటికి రావాలి. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ కంఠతా వచ్చు, అంతగా రిహార్సల్ చేశాం.

"ఇంకొక్క పేజీ," అన్నారు భానోజీరావుగారు నన్నే చూస్తూ. "లాగేసి అందరం కలిసి పరిగెడదాం. జోగారావూ, నీ చెయ్యి తియ్యకు. రెండేళ్ల పని."

నేను తీశాను. ధైర్యంతో కాదు, భయంతో తీశాను. తీసి పరుగెత్తాను. వెనక అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు, అది నా మీద కోపమో మరేమిటో నాకు తెలియలేదు. ఆ గోలలో పోలమ్మప్ప గొంతు వినబడింది. పెద్దగా అరవలేదు.

"నా దాలిగాడు తలుపు కొట్టినప్పుడు కూడా ఇలాగే అందరూ ఏదో పనిలో ఉన్నారు," అంది. "ఒగ్గీండి. ఎల్లండి."

ఆమె చెయ్యి తీశాక ఇంకెవరి చెయ్యీ తాడు మీద నిలవలేదు.

నూకరత్నం తలుపుకి ఇవతలే ఉంది. భుజం చక్రానికి ఆనించి, మోకాళ్ల లోతు నీళ్లలో, చక్రం వెనక్కి తిరగకుండా మాత్రం ఆపగలుగుతోంది. మూయలేదు, వదలలేదు. వదిలి పరుగెత్తి ఉంటే ఆమె బతికేది, తూర్పు వీధి బతికేది కాదు. నేను ఆమె చేతుల పక్కన చేతులు వేశాను. చక్రం కదల్లేదు. నా చేతులు ఇన్నేళ్లూ పేర్లు రాసిన చేతులు. అప్పుడు వెనక నుంచి అప్పలసూరి వచ్చాడు, అతని వెనక మిగతా ఏడుగురూ వచ్చారు, రెండేళ్లు కూర్చోబెట్టి మేపిన బలమంతా చక్రం మీద పడింది. తలుపు బిగుసుకుంది.

నూకరత్నం ఎడమ భుజం జారిపోయింది. గోడకి ఆనుకుని కూర్చుంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఉరి అయిపోనాదా మావా?" అంది.

లేదన్నాను.

"అయ్యో. ముహూర్తం దాటిపోతే మళ్లీ నన్నే అంటారు."

నేను ఆమెని పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను.

తూర్పు నడవా పోయింది, రెండు నాచుమళ్లు పోయాయి, గిడ్డంగి సగం పోయింది. మనుషులెవరూ పోలేదు. అంతా సర్దుకున్నాక ఎవరికో సన్యాసి గుర్తొచ్చాడు. పరుగెత్తే హడావుడిలో కాపలావాళ్లు అలవాటు కొద్దీ మంటపం తలుపు బయట గడియపెట్టి వచ్చారు. వెళ్లి తీస్తే, చేతులు కట్టేసి ఉన్న మనిషి తలుపుకి ఆనుకుని కింద పడి ఉన్నాడు. నుదురు చిట్లి ఉంది. నీళ్ల చప్పుడు విని తలతో తలుపు బాదుతూ ఉండిపోయాడట. పోలమ్మప్ప గుమ్మంలో నిలబడి అతన్ని చూసింది. డాక్టరుగారు కట్టు కట్టారు.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

తాడు మీద నుంచి ముందుగా చెయ్యి తీసిన నేరానికి నన్ను సంజాయిషీ అడిగారు. ఎనిమిదిమందినీ తిరిగి సన్యాసి గది దగ్గర నిలబెట్టమని ఉత్తర్వు. జనం బెంబేలెత్తి ఉన్నారు కాబట్టి, వాళ్లకి ధైర్యం చెప్పాలంటే కాపలా పదిమందికి పెంచినా మంచిదేనని భానోజీరావుగారి ఆలోచన. ఉత్తర్వు ప్రకారం ఎనిమిది పేర్లూ రాశాను. నూకరత్నం భుజానికి కట్టుతో ఇంట్లో ఉంది. తూర్పు గోడ ఇప్పుడు సముద్రంలోనే ఉంది కాబట్టి దాన్ని కాయనక్కర్లేదు. తక్కిన మూడు గోడలకీ గోడకొక మనిషే వచ్చాడు.

మధ్యాహ్నం పోలమ్మప్ప వచ్చింది. కొత్త ముహూర్తం అడగడానికి వచ్చిందనుకుని, సోమయాజులుగారు చూస్తున్నారని చెప్పాను. ఆమె బల్ల మీద కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది.

"ఆ గది ముందు అంతమంది నిలబడుంటే నా కొడుకుని కాస్తన్నట్టు ఉండేది నాయినా," అంది. "రోజూ ఎల్లి సూసేదాన్ని. నా కొడుకుని కాయనేదు. ఆణ్ణి కాసినారు. ఆణ్ణి ఉరే తీస్తారో, ఉంచుతారో, నాను అడగను. నాకు కోపం తీరనేదు, తీరదు. నాకో వంతు వెయ్యి."

ఆమె వయసుకి వంతులు లేవని చెప్పాను. గోడ పని నాలికతో పని అని, తేలిక కాదని చెప్పాను.

"నాలిక పనొద్దు. తలుపు కాడ పని వెయ్యి. ఉత్తరం గోడ లోపల ఇప్పుడు ఎవులున్నారు?"

కూర్మయ్య ఉన్నాడన్నాను.

"తలుపు కాడ?"

చిట్టాలో ఆ పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. ఆమె లేచి, కొంగు నడుముకి దోపుకుని ఉత్తరం వైపు వెళ్లిపోయింది. నేను కలం తీసి ఎనిమిది పేర్లలో ఆరు కొట్టేసి గోడల కింద రాసి, అప్పలసూరిని ఆమె వెనకాలే పరుగెత్తమన్నాను.